చూపున్నంత మేరకే వేగం

వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు తరచూ వినిపిస్తుంది. నాపరాతి నేలలూ నల్లరేగడి చేలూ కలిసిన ఆ ప్రాంతం ఎండకు అంతగా పేరు పడటంతో, పల్నాడుకు చలికాలం కూడా ఒకటి ఉందన్న సంగతి మీద చర్చ జరిగింది తక్కువే. డిసెంబరు, జనవరి నెలల్లో నరసరావుపేట, గురజాల, మాచర్ల వైపు తెల్లవారుజాము ఉష్ణోగ్రత సాధారణంగా 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండి, మధ్యాహ్నానికి 30 డిగ్రీల దాకా పెరుగుతుంది కాబట్టి, హిమాలయ ప్రాంతాల్లో మాదిరిగా రోడ్డు మీద నీరు గడ్డకట్టే ప్రమాదం ఇక్కడ లేదు. అయినప్పటికీ, చిన్న మోటారు సైకిలు మీద రోజూ ఉద్యోగానికో కాలేజీకో వెళ్లివచ్చే కొత్త చోదకులకు గట్టి పరీక్ష పెట్టే కాలం ఇదే. ఆ పరీక్షకు కారణం చలి కాదు, చలితో పాటు వచ్చే చీకటీ తేమా. మనిషి చూపు ఎంత దూరం ఆనుతుంది, బండి ఎంత దూరంలో ఆగుతుంది అన్న రెండు కొలతల్లో మొదటిది ఈ రెండు నెలల్లో తగ్గిపోతుంది, రెండోది పెరుగుతుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి దాటిపోయే చోటే ప్రమాదం ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి గుంటూరు జిల్లా నుంచి విడివడి ఏర్పడిన పల్నాడు జిల్లాకు నరసరావుపేట కేంద్రం. కలెక్టరు కార్యాలయం, కోర్టులు, కాలేజీలు, ఆసుపత్రులు అక్కడికి చేరడంతో చుట్టుపక్కల మండలాల నుంచి పొద్దున్నే పట్టణానికి వచ్చేవారూ, పట్టణంలో కాపురముండి ఊళ్లలోని బడులకూ సచివాలయాలకూ బ్యాంకులకూ వెళ్లేవారూ ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా ప్రయాణిస్తారు. దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి కనుక అక్కడి కార్మికుల్లో కొందరు తెల్లవారకముందే బయలుదేరక తప్పదు. వీరిలో చాలామంది నడిపేది 100 నుంచి 125 సీసీ బండి. సీసీ అంటే ఇంజను సిలిండరులో పిస్టను కింది కొస నుంచి పై కొస దాకా కదిలేటప్పుడు తుడిచిపెట్టే ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. 1985లో హీరో హోండా సంస్థ తెచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఈ తరగతిని ఊరూరికీ చేర్చాయి. ఇటువంటి బండి బరువు సుమారు 110 నుంచి 120 కిలోలు మాత్రమే కాబట్టి, 60 కిలోల మనిషి ఎక్కితే మొత్తం బరువులో మూడో వంతు మనిషిదే అవుతుంది. అందుకే చలికి ముడుచుకుని, భుజాలు బిగించి కూర్చున్న మనిషి బిగువు నేరుగా హ్యాండిలులోకి దిగుతుంది. బరువైన బండి సర్దుకోగల చిన్న కుదుపును తేలిక బండి సర్దుకోలేదు.

కొత్తవారు బండి నేర్చుకునే వేళ వేరు, బండి మీద రోజువారీ వెళ్లే వేళ వేరు. అన్నయ్యో మేనమామో స్నేహితుడో సాయంత్రం ఎండ తగ్గాక హైస్కూలు ఆవరణలో, ఆరిన నేల మీద, వెలుతురు ఉండగా బండి నేర్పుతారు. గేర్లు మార్చడం, క్లచ్చి వదలడం, మలుపు తిప్పడం వచ్చాక లైసెన్సు పరీక్ష కూడా పగటి పూటే జరుగుతుంది. ఆ తర్వాత ఉద్యోగం పొద్దున ఏడింటికి బయలుదేరమంటే, ఆ మనిషి ఎన్నడూ నడపని పరిస్థితుల్లో నడపవలసి వస్తుంది.

పుష్యమాసంలో పొద్దు పూస గుచ్చినంతసేపే అని పెద్దలు చెప్పే మాట వెనక ఖగోళ గణితం ఉంది. నరసరావుపేట 16.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం వల్ల డిసెంబరు 21, 22 తేదీల్లో అక్కడ పగటి నిడివి 11 గంటల 10 నిమిషాలకు అటూ ఇటూ ఉంటుంది. సూర్యోదయం దాదాపు 6 గంటల 33 నిమిషాలకు, సూర్యాస్తమయం 5 గంటల 43 నిమిషాలకు. ఆ తేదీ దాటిన తర్వాత పగలు పెరుగుతుంది కాబట్టి ఉదయాలు కూడా త్వరగా తెల్లవారతాయని చాలామంది అనుకుంటారు గాని, జరిగేది వేరు. భూమి సూర్యుని చుట్టూ తిరిగే కక్ష్య కచ్చితమైన వృత్తం కాకపోవడం, భూమి అక్షం వంగి ఉండటం అనే రెండు కారణాల వల్ల గడియారపు మధ్యాహ్నానికీ సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకూ తేడా రోజురోజుకీ మారుతూ ఉంటుంది. ఆ తేడా జనవరి మొదటి వారాల్లో వేగంగా పెరగడంతో, పెరిగిన పగలంతా సాయంత్రం వైపు చేరి, సూర్యోదయం ఇంకా ఆలస్యమవుతూ పోతుంది. సంక్రాంతి నాటికి నరసరావుపేటలో సూర్యోదయం 6 గంటల 41 నిమిషాలకు చేరుతుంది. ఏడాదంతటిలో అత్యంత ఆలస్యంగా తెల్లవారేది ఆ రోజుల్లోనే. అంటే పొద్దున పూట ప్రయాణించేవారికి కష్టకాలం డిసెంబరు చివరన ముగియదు, జనవరి మధ్యలో పతాకస్థాయికి వస్తుంది. సాయంత్రం తిరిగి వచ్చేవారి మాట దీనికి తలకిందులు: వారికి నవంబరు చివర, డిసెంబరు మొదటి వారాలే గడ్డు రోజులు. కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరారాధన ఉత్సవాలు మొదలై ఐదు రోజుల పాటు జనం కాలినడకనా బండ్ల మీదా రోడ్లన్నీ నిండి ఉండేది కూడా తొందరగా పొద్దు గూకే ఆ రోజుల్లోనే.

ఇక పొగమంచు సంగతి. దీన్ని అర్థం చేసుకోకుండా పల్నాటి చలికాలపు ప్రయాణాన్ని అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. పగలంతా సూర్యుని నుంచి తీసుకున్న వేడిని నేల రాత్రి వేళ పరారుణ కిరణాలుగా, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలుగా, ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు ఉంటే అందులో కొంత మళ్లీ కిందికి వస్తుంది. ఈశాన్య రుతుపవనం వెనుదిరిగి ఆకాశం నిర్మలమయ్యాక ఆ అడ్డు ఉండదు. అప్పుడు నేలా, నేలను అంటుకున్న గాలీ పై గాలికంటే ముందుగా చల్లబడతాయి. పైన వెచ్చగా, కింద చల్లగా ఉండే ఈ తలకిందుల అమరికను ఉష్ణోగ్రతా విలోమం అంటారు. గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతకు తుషార స్థానం అని పేరు. కింది గాలి ఆ స్థానం దాకా చల్లబడితే, గాలిలోని సన్నని ధూళి కణాలను ఆసరాగా చేసుకుని మిల్లీమీటరులో నూరో వంతు అటూ ఇటూ ఉండే నీటి బొట్లు ఏర్పడి గాలిలోనే తేలుతాయి. గాలి బొత్తిగా కదలకపోతే తేమ అంతా గడ్డి మీద, బండి సీటు మీద మంచుగా దిగిపోతుంది. గాలి బలంగా వీస్తే పై వెచ్చని గాలి కలిసి పొగమంచు కట్టదు. ఆకు కదిలీ కదలనంత గాలి ఉన్న రాత్రే దట్టంగా కడుతుంది.

పల్నాడులో దీనికి కావలసిన దినుసులన్నీ ఉన్నాయి. ఉత్తరాన కృష్ణ, లోపల నాగులేరు, చంద్రవంక వంటి వాగులు, 1967లో నీరు వదిలినప్పటి నుంచి మెట్ట పొలాలను మాగాణిగా మార్చిన నాగార్జునసాగర్ కుడి కాలువ, ఆ నీటిని పట్టి ఉంచుకునే నల్లరేగడి కలిసి రాత్రి గాలికి తేమను అందిస్తాయి. పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీల ధూళీ, చేలల్లో పత్తి కట్టె తగలబెట్టిన పొగా విలోమపు పొర కింద చిక్కుకుపోయి, నీటి బొట్లు కట్టడానికి ఆసరా కణాలుగా పనిచేస్తాయి. చల్లని గాలి బరువైనది కావడంతో పల్లానికి జారుతుంది కనుక పొగమంచు జిల్లా అంతటా ఒకే మందాన ఉండదు. మెరక మీద నిర్మలంగా ఉన్న రోడ్డు వాగు వైపు దిగేసరికి, కాలువ వంతెన దగ్గరకు వచ్చేసరికి ఒక్కసారిగా తెల్లగోడలా మూసుకుపోతుంది. వంతెన దగ్గర రోడ్డు ఇరుకుగా ఉండటం, దిగుడులో బండి దానంతటదే వేగం అందుకోవడం కూడా సరిగ్గా అక్కడే కలుస్తాయి. స్థానికులకు ఏ వంతెన దగ్గర మంచు పడుతుందో అనుభవం మీద తెలిసి ఉంటుంది. కొత్తవారు వారిని అడిగి తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

ఒక తప్పు అభిప్రాయాన్ని కూడా ఇక్కడే సరిచేయాలి. తెల్లవారితే మంచు విడిపోతుందన్నది సగం నిజమే. రోజులో అత్యల్ప ఉష్ణోగ్రత నమోదయ్యేది నడిరాత్రి కాదు, సూర్యోదయ సమయంలో, లేదా దాని తర్వాత కొద్ది నిమిషాలకు. అప్పటిదాకా నేలకు ఆనుకుని మోకాలెత్తున ఉన్న పొర, తొలి ఎండకు గాలి మెల్లగా కదలడంతో పైకి లేచి కళ్ల ఎత్తుకు వస్తుంది. అందువల్ల చాలా రోజుల్లో పొగమంచు మరీ చిక్కబడేది సూర్యోదయం తర్వాతి అరగంటలోనే. సంక్రాంతి రోజుల్లో అది ఏడు గంటల వేళ. ఉద్యోగులు బయలుదేరే వేళ కూడా అదే.

పొగమంచులో కాంతి ప్రవర్తించే తీరు చోదకుని సహజబుద్ధికి విరుద్ధంగా ఉంటుంది. కనిపించడం లేదు కాబట్టి లైటు బ్రైటులో పెట్టాలని చేయి వెళుతుంది. కాని బ్రైటులో పుంజం తిన్నగా ముందుకు వెళ్లి, చోదకుని కంటికి ఎదురుగా ఉన్న కోట్ల నీటి బొట్లను వెలిగిస్తుంది. అవి కాంతిని అన్ని వైపులకూ చెదరగొట్టినప్పుడు కొంత వెనక్కి వచ్చి కంట్లో పడుతుంది. ఈ కాంతి పరిక్షేపణం వల్ల కంటి ముందు తెర కట్టి, దాని అవతల ఉన్న మసక ఆకారం పూర్తిగా మాయమవుతుంది. డిమ్ములో పుంజం రోడ్డు వైపు వంగి ఉండటంతో వెలిగే బొట్లు చూపు రేఖకు కిందుగా ఉంటాయి, రోడ్డు అంచు తెల్లగీత కొంతైనా కనిపిస్తుంది. లైటుకు పసుపు కాగితం అంటిస్తే మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకానికి భౌతికశాస్త్రం మద్దతు లేదు, ఎందుకంటే ఆ బొట్లు కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ దాదాపు సమానంగానే చెదరగొడతాయి. పసుపు కాగితం చేసేదల్లా ఉన్న వెలుతురును తగ్గించడమే. 2017 ఏప్రిల్ నుంచి తయారైన ద్విచక్ర వాహనాలకు ఇంజను స్టార్టయిన వెంటనే హెడ్‌లైటు దానంతటదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి. అది చోదకునికి కనిపించడం కోసం కాదు, చోదకుడు ఎదుటివారికి కనిపించడం కోసం. పాత బండి ఉన్నవారు ఆ మీట తామే వేసుకోవాలి.

వేగం అంచనాలోనూ కంటిని పూర్తిగా నమ్మడానికి లేదు. 1998లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధనలో రాబర్ట్ స్నోడెన్, ఆయన సహచరులు దృశ్యంలో వెలుగునీడల తేడా తగ్గినప్పుడు కదలిక అసలుకంటే నెమ్మదిగా తోస్తుందనీ, అందువల్ల మనుషులు తెలియకుండానే వేగం పెంచుతారనీ చూపారు. 2012లో ‘ఈలైఫ్’ పత్రికలో పావొలో ప్రెట్టో బృందం దూరం పెరిగే కొద్దీ చిక్కబడే అసలైన పొగమంచును అనుకరించి చూసినప్పుడు ఫలితం తిరగబడింది. వేగం ఎక్కువగా తోచి మనుషులు నెమ్మదించారు. రెండు ప్రయోగాలూ ఒక విషయంలో ఏకీభవిస్తాయి: మంచులో కన్ను చెప్పే వేగం అసలు వేగం కాదు. దాన్ని చెప్పగలిగేది స్పీడోమీటరు ముల్లు ఒక్కటే.

భారత వాతావరణ శాఖ లెక్కలో చూపు మేర వెయ్యి మీటర్ల లోపుకు పడిపోతే అది పొగమంచు. 200 మీటర్ల లోపైతే దట్టమైన పొగమంచు. 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. ఈ అంకెల పక్కన బండి ఆగే దూరాన్ని పెట్టి చూడాలి. ఆగే దూరంలో రెండు భాగాలు ఉంటాయి. ప్రమాదాన్ని కన్ను చూసి, మెదడు గుర్తించి, వేళ్లూ పాదమూ బ్రేకును తాకేలోపు బండి పాత వేగంతోనే పోయే దూరం మొదటిది. అనుకోని అడ్డు ఎదురైనప్పుడు దీనికి ఒకటిన్నర సెకను పడుతుందనుకోవడం సమంజసం. బ్రేకు పట్టాక బండి నిలిచేదాకా పోయే దూరం రెండోది. డ్రమ్ము బ్రేకులున్న చిన్న బండి మీద కొత్త చోదకుడు తేమ రోడ్డు మీద ప్రతి సెకనుకూ సెకనుకు నాలుగు మీటర్ల చొప్పున వేగం తగ్గించగలడనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16.7 మీటర్లు పోతుంది. మొదటి భాగం 25 మీటర్లు, రెండోది దాదాపు 35 మీటర్లు, మొత్తం 60 మీటర్లు. చూపు 50 మీటర్లే ఉన్న చోట ఆ వేగంతో పోతే, ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కు కనిపించిన క్షణానికే దాన్ని తప్పించుకునే అవకాశం ముగిసిపోయి ఉంటుంది. 40 కిలోమీటర్ల వేగంలో మొత్తం 32 మీటర్లు. ఆగి ఉన్న అడ్డుకు ఇది చాలు. అయితే రోడ్డు మీద ఎదురుగా వచ్చేవారు కూడా ఉంటారు. ముందున్న బస్సును దాటబోయి ఒక బండి తమ వైపుకు వస్తే, 50 మీటర్ల చూపును ఇద్దరూ పంచుకోవాలి కనుక ఒక్కొక్కరికి మిగిలేది 25 మీటర్లే. 30 కిలోమీటర్ల వేగంలో మొత్తం దూరం 21 మీటర్లు కాబట్టి, అతి దట్టమైన మంచులో సరైన వేగం అదే అవుతుంది. ఈ లెక్క ఎవరి ధైర్యం మీదా ఆధారపడదు. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుందన్న నియమం అనుభవజ్ఞునికీ కొత్తవారికీ ఒకటే.

మంచులో లారీ వెనక ఎర్రలైటు పట్టుకుని పోవడం చాలామంది చెప్పే కిటుకు. నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారి మీద, పొందుగుల దగ్గర కృష్ణ దాటి దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా నరసరావుపేట వైపు వచ్చే సరుకు లారీల వెనక ఇలా నడిచే బండ్లు కనిపిస్తాయి. ఆ ఎర్రలైటు కనిపించాలంటే దగ్గరగా పోవాలి, దగ్గరగా పోతే ఆగడానికి దూరం మిగలదు. పైగా లారీ పక్కకు తప్పించిన గుంతో, మనిషో చోదకునికి కనిపించేది లారీ తప్పుకున్నాకే. రోడ్డు పక్కన పూర్తిగా దిగి ఆగిపోవడం దీనికంటే మేలైన పని. ఆగినప్పుడు తెల్లగీత లోపల కాకుండా మట్టి అంచు దాటి ఆగాలి.

బ్రేకు విషయంలో ఊళ్లలో తరతరాలుగా నడుస్తున్న ఒక సలహా ఉంది: ముందు బ్రేకు ముట్టుకోవద్దు, పల్టీ కొడతావు అని. ఈ సలహా ప్రేమతో చెప్పేదే అయినా చేసే చెడు తక్కువది కాదు. బండి వేగం తగ్గుతున్నప్పుడు గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించి ఉన్నట్టు లెక్కించే బిందువు, నేలకు ఎత్తులో ఉండటం వల్ల భారం వెనక చక్రం నుంచి ముందు చక్రం మీదికి మళ్లుతుంది. రోడ్డును పట్టుకునే శక్తి చక్రం మీద పడే భారాన్ని బట్టి ఉంటుంది కనుక, అవసరం వచ్చిన క్షణంలో ముందు చక్రానికి పట్టు పెరిగి వెనక చక్రానికి తగ్గుతుంది. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే రెండు బ్రేకులతో సాధ్యమయ్యే మందగింపులో సగం కూడా రాదు. ఇంకా గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుని బండి తోక పక్కకు కొడుతుంది. సరైన పద్ధతి ముందు బ్రేకును హఠాత్తుగా లాగకుండా, నాలుగు వేళ్లతో పట్టు క్రమంగా పెంచుతూ, అదే సమయంలో వెనక బ్రేకును తేలికగా తొక్కడం. హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడే ఇది చేయాలి, మలుపులో కాదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న బండ్లకు తప్పనిసరి చేసిన జోడు బ్రేకు వ్యవస్థలో వెనక పెడలు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అంతకు ముందరి బండ్లు జిల్లాలో ఇంకా వేల సంఖ్యలో తిరుగుతున్నాయి కనుక, తమ బండి ఏ రకమో కొత్తవారు మొదటి రోజే తెలుసుకోవాలి.

రోడ్డు ఉపరితలం గురించి చెప్పవలసింది ఎక్కువ. నిండు వాన రోడ్డును కడిగిపెడుతుంది. పొగమంచు, తెల్లవారుజాము మంచు కడగవు, తడుపుతాయి. పొడి ధూళికి కొద్దిపాటి తేమ కలిసినప్పుడు ఏర్పడే పల్చని ముద్ద టైరుకూ తారుకూ మధ్య జారుడు పొరగా నిలుస్తుంది. సున్నపురాతి ధూళి, సిమెంటు ధూళి మరీ మెత్తనివి కావడం వల్ల బట్టీలూ కర్మాగారాలూ ఉన్న దారుల్లో ఈ పొర స్పష్టంగా కనిపిస్తుంది: పొద్దున రోడ్డు బూడిద రంగులో నిగనిగలాడుతూ ఉండి, తొమ్మిదింటికల్లా ఎండకు తెల్లబారుతుంది. నిగనిగలాడే చోట వంపు తిరిగేటప్పుడు వేగం ముందే తగ్గించుకోవాలి గాని వంపులో బ్రేకు వేయకూడదు. పొలాల నుంచి ట్రాక్టర్లు రోడ్డెక్కే చోట చక్రాలు రాల్చిన నల్లరేగడి బెడ్డలు ఉంటాయి. అవి ఎండితే గట్టి రాళ్లు, తడిస్తే జిగురు. వేగనిరోధకాల మీద వేసిన తెల్లరంగు చారలు తడిలో తారు కంటే జారుతాయి.

కుడి కాలువ కింద వరి కోతలు అయ్యే రోజుల్లో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉండటం సాధారణ దృశ్యం. కల్లానికి చోటు లేని రైతుకు, తేమ శాతం తగ్గకపోతే ధర పలకని రైతుకు నున్నటి తారురోడ్డు తప్ప వేరే దిక్కు లేకపోవడం కాదనలేని వాస్తవం. అయితే గట్టి గింజల మీద టైరు దొర్లితే రోడ్డుతో సంబంధం తెగిపోతుంది. గింజల మీద బ్రేకు వేసిన బండి నిలబడదు. సాయంత్రం రాశి పోసి పైన పరదా కప్పి, చుట్టూ హద్దుగా పెట్టే బండరాళ్లు అంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే వాటి రంగూ రోడ్డు రంగూ ఒకటే. ఆ హద్దురాళ్లకూ, ట్రాక్టరు ట్రక్కు వెనక భాగానికీ, చెక్క బండికీ రేడియం స్టిక్కరు ముక్క అంటిస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి. దాని ఉపరితలంలోని సూక్ష్మమైన గాజు పూసలు లేదా పట్టకాలు తమ మీద పడిన కాంతిని ఎటు నుంచి వచ్చిందో అటే తిప్పి పంపుతాయి కాబట్టి, చిన్న బండి లైటు వెలుతురు కూడా చోదకుని కంటికే తిరిగి చేరుతుంది. సాయంత్రం మేత నుంచి ఇళ్లకు మళ్లే గేదెలకు మాత్రం ఏ స్టిక్కరూ ఉండదు; చీకట్లో వాటి నల్లని ఒంటి నుంచి తిరిగొచ్చే కాంతి దాదాపు ఏమీ ఉండదు. మందలో ఒకటి రోడ్డు దాటితే మిగతావి కూడా దాటుతాయన్న ఎరుకతో ఆగడమే మార్గం.

చలి నేరుగా చేసే హాని తక్కువే గాని లేకపోలేదు. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అంటార్కిటికాలో 1941లో చిన్న గొట్టంలోని నీరు వివిధ గాలి వేగాల్లో ఎంతసేపటికి గడ్డకడుతుందో కొలిచి, గాలి వేగానికీ వేడి నష్టానికీ ఉన్న సంబంధానికి లెక్క కట్టారు. శరీరాన్ని అంటిపెట్టుకుని ఉండే వెచ్చని గాలి పొరను ఎదురుగాలి ఎప్పటికప్పుడు చెరిపేయడం ఇందులోని సూత్రం. వారి బాటలో వచ్చిన నేటి పట్టికలు 10 డిగ్రీలకు దిగువ ఉష్ణోగ్రతలకే వర్తిస్తాయి కాబట్టి పల్నాటి ఉదయం ఆ పట్టికల్లోకి రాదు. సూత్రం మాత్రం 17 డిగ్రీల దగ్గర కూడా పనిచేస్తుంది, ముఖ్యంగా పొగమంచు బొట్లతో తడిసిన వేళ్ల మీద. చర్మపు ఉష్ణోగ్రత తగ్గే కొద్దీ నరాల్లో సంకేతాల వేగం, వేళ్ల స్పర్శజ్ఞానం తగ్గుతాయి. 15 డిగ్రీల దరిదాపులకు వచ్చేసరికి వేళ్ల నేర్పు గణనీయంగా పోతుంది. అంత దాకా రాకముందే బ్రేకు మీట మీద ఎంత ఒత్తిడి పడుతోందో తెలియడం మసకబారుతుంది, బ్రేకు వేయడం ఇంకా వేళ్లకు అలవాటు కాని కొత్తవారికి ఆ తెలివిడే ఆధారం. గాలి చొరని చేతి తొడుగులు, స్వెటరు పైన ఒక పల్చని వానకోటు ఉంటే చాలు. స్వెటరు పోగుల మధ్య నిలిచే గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది, వానకోటు ఆ గాలిని చెదరనివ్వదు. శాలువా, మఫ్లరు కప్పుకునేవారు కొసలు వదిలేయకూడదు. వెనక కూర్చున్నవారి కొంగు, చున్నీ, శాలువా కొస చక్రంలో చిక్కకుండా వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ జాలీ ఉండాలని మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి.

మంకీ క్యాపు పెట్టుకుని హెల్మెట్టు మానేయడం, లేదా మందపాటి మఫ్లరు చుట్టుకుని దాని మీద హెల్మెట్టు పెట్టుకోవడం ఈ కాలంలో కనిపించే రెండు పొరపాట్లు. హెల్మెట్టు లోపలి గట్టి నురుగు పొర దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి, తల ఆగే సమయాన్ని పెంచి, మెదడు మీద పడే తాకిడిని తగ్గిస్తుంది. తలకూ ఆ పొరకూ మధ్య వదులుగా ఉన్న గుడ్డ చేరితే హెల్మెట్టు జారుతుంది, పట్టీ బిగుసుకోదు. వివిధ దేశాల పరిశోధనలను కలిపి చూసిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష, హెల్మెట్టు మరణ ప్రమాదాన్ని 42 శాతం, తల గాయాలను 69 శాతం తగ్గిస్తుందని తేల్చింది. ముఖం అద్దం మసకబారడం వల్ల కొందరు హెల్మెట్టునే విసుక్కుంటారు. ఊపిరిలోని వెచ్చని తేమ చల్లని అద్దానికి తగిలి తుషార స్థానానికి దిగడమే ఆ మసకకు కారణం కనుక, అద్దాన్ని వేలెడు సందు ఎత్తి ఉంచితే లోపలి గాలి కదిలి మసక విడిపోతుంది. బయటి వైపు చేరే బొట్లను తుడవాలి. గీతలు పడిన పాత అద్దం పగలు పనికొచ్చినా, ఎదురు లైట్లలో ప్రతి గీతా ఒక వెలుగు చార అవుతుంది కాబట్టి చలికాలానికి ముందే మార్చుకోవాలి.

బండికి సంబంధించిన విషయాలు క్లుప్తంగా చాలు. చల్లని పెట్రోలు తేలికగా ఆవిరి కాదు. కార్బురేటరు బండ్లలో చోక్ వేయడమంటే గాలిని తగ్గించి మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచడం, ఇంజను వేడెక్కాక తీయకపోతే ప్లగ్గు నల్లబారుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో దాదాపు అన్నింటా సెన్సర్లు ఉష్ణోగ్రతను గ్రహించి ఇంధనాన్ని చిమ్మే ఏర్పాటు ఉండటంతో చోక్ అవసరం తీరింది. టైర్లలో గాలి మధ్యాహ్నం 30 డిగ్రీల వేడిలో పట్టిస్తే, తెల్లవారుజాము 17 డిగ్రీలకు వచ్చేసరికి పీడనం చదరపు అంగుళానికి రెండు పౌండ్లకు కాస్త తక్కువ మేర తగ్గుతుంది. ఇది వాయువుల ధర్మం. బంకులో గాలి చూపించుకోవలసింది పొద్దున, టైరు చల్లగా ఉన్నప్పుడు.

కొత్త చోదకుని గురించి శాస్త్రీయ అధ్యయనాల్లో మొదట చెప్పుకోవలసింది దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు హ్యారీ హర్ట్ బృందం 1981లో ప్రచురించిన నివేదిక. లాస్ ఏంజెలస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను స్థలానికి వెళ్లి పరిశీలించిన ఆ బృందం, ప్రమాదానికి గురైనవారిలో సగానికి పైగా ఆ బండి మీద ఐదు నెలల అనుభవం కూడా లేనివారనీ, 92 శాతం మంది సొంతంగానో కుటుంబ సభ్యుల, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారేననీ తేల్చింది. ప్రమాదం తప్పించుకోవడానికి వారికి దొరికిన సమయం సాధారణంగా రెండు సెకన్లలోపే. దేశం వేరు, బండ్లు వేరు, రోడ్లు వేరు అయినా, బండిని చేతికి ఇచ్చే పద్ధతి ఇక్కడా అదే కాబట్టి ఆ నివేదికను పక్కన పెట్టడానికి వీల్లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది.

ఇన్ని కొలతల్లోనూ చోదకుని చేతిలో సులువుగా మారేది వేగం ఒక్కటే అనిపించవచ్చు గాని, అంతకన్నా బలమైన మీట బయలుదేరే వేళ. దాన్ని మార్చగలిగేది చాలాసార్లు చోదకుడు కాదు, ఆ చోదకుణ్ని పిలిచే సంస్థ. ఎండ ముదిరిందంటే మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెట్టడం ఈ రాష్ట్రంలో ఏళ్లుగా నడుస్తున్న ఆనవాయితీ; వేడికి బడి వేళలు మార్చవచ్చునని ఒప్పుకున్న సమాజం మంచుకు కూడా మార్చవచ్చు. డిసెంబరు మధ్య నుంచి జనవరి నెలాఖరు దాకా పల్నాటి బడులూ కాలేజీలూ కార్యాలయాలూ మొదటి గంటను అరగంట ఆలస్యంగా కొట్టాలి. అది జరిగేలోపు, మంచు పడ్డ రోజు ఆలస్యంగా వచ్చిన కొత్త ఉద్యోగి హాజరు పట్టీలో ఎర్ర సిరా పడకుండా ప్రధానోపాధ్యాయులూ, కార్యాలయ అధికారులూ చూడాలి. ఇంట్లో తాళం చేతికిచ్చే పెద్దలు, ఆ రోజు పిల్లలను బస్సెక్కించాలి.